ఉక్కు నగరంలో పసి మనసులు

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. నగర చరిత్రలో ఈ తేదీలు అందరికీ తెలిసినవే. అదే కాలంలో పిల్లల మనోవేదన గురించి వైద్యశాస్త్రం ఏమని భావించిందన్నది అంతగా తెలియని చరిత్ర.

చిన్నపిల్లలకు కుంగుబాటు, అంటే డిప్రెషన్, రాదని పలువురు మనోవైద్య ప్రముఖులు చాలాకాలం విశ్వసించారు. అంతటి దుఃఖానికి పసి మనసు ఇంకా పరిపక్వం కాలేదని వారి వాదన. తల్లికి దూరమైన శిశువులు క్రుంగిపోయే తీరును రెనె స్పిట్జ్ 1946లోనే వర్ణించినా ఆ విశ్వాసం త్వరగా సడలలేదు. పెద్దల కుంగుబాటు లక్షణాలను స్వల్ప మార్పులతో పిల్లలకూ వర్తింపజేస్తూ అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథాన్ని వెలువరించింది 1980లో. అంటే, ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలవారు భూములు వదులుకుంటున్న రోజులలో, ఆ ఇళ్ల పిల్లల వేదనకు వైద్యగ్రంథాలలో స్థిరమైన పేరైనా లేదు.

భూమి పోయినప్పుడు అందరి నష్టమూ ఒకటి కాదు. పట్టాదారుకు పరిహారం దక్కుతుంది. అతని పొలంలో కూలి చేసినవానికి పని పోతుంది. నిర్వాసితులలో కొందరికి కర్మాగారంలో ఉద్యోగాలు లభించాయి. మరికొందరు ఆర్-కార్డు చేతబట్టుకొని ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

అటువంటి నష్టం పిల్లవాని మనసును ఎలా చేరుతుంది? 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికాలోని ఓక్లాండ్ పిల్లల జీవితాలను పరిశీలించి గ్లెన్ ఎల్డర్ 1974లో ప్రచురించిన గ్రంథం ఇందుకు సమాధానమిస్తుంది. ఆదాయం తగ్గడం ఒక్కటే పిల్లలను గాయపరచలేదు. తండ్రి చిరాకు, తల్లిదండ్రుల కలహాలు, ఇంట్లో తారుమారైన బాధ్యతలు ఆ దెబ్బను వారివరకు మోసుకువచ్చాయి.

మరి డబ్బు చేతికందితే కుంగుబాటు తొలగుతుందా? అమెరికాలోని చెరోకీ తెగవారికి 1996 నుంచి జూదశాల లాభాలలో వాటా అందసాగింది. 2003లో వెలువడిన అధ్యయనం ప్రకారం పేదరికం నుంచి బయటపడిన కుటుంబాల పిల్లలలో మొండితనం, దుడుకుతనం తగ్గాయి. ఆందోళన, కుంగుబాటు లక్షణాలు మాత్రం అదే రీతిలో తగ్గలేదు. పరిహారం అవసరమే, కాని దానితోనే చికిత్స పూర్తికాదు.

నేటి విశాఖలోనూ కాంట్రాక్టు కార్మికుని పని నిలిచిపోవచ్చు. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో మత్స్యకారుని రాబడి సన్నగిల్లుతుంది. అటువంటి ఇంటి బిడ్డ తరచూ విసుక్కుంటున్నా, కారణం తెలియని కడుపునొప్పి చెబుతున్నా, ఆటలకూ బడికీ దూరమవుతున్నా, దానిని బద్ధకమని కొట్టిపారేయకండి. రెండు వారాలకు మించితే వైద్యుని సంప్రదించండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. వైద్యమిత్రులకు నా మనవి: బిడ్డ కడుపు తడిమి చూసిన పిదప, ఇంట్లో సంపాదన ఎలా సాగుతున్నదని కూడా ఒక్కమాట అడగండి.