కల్లుకుండ శుభ్రత: మన పెద్దల శాస్త్రం, మన చరిత్ర

మన కొండల్లో జీలుగు కల్లు పండగలోనూ పెళ్ళిలోనూ భాగం. కుండను మళ్ళీ చెట్టుకు కట్టే ముందు మన పెద్దలు పాత మడ్డిని పీచుతో తోమి, బూడిదతో రుద్ది, వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టేవారు.

హాస్టల్లో సైన్సు చెప్పేటప్పుడు మేము ఈ కుండనే ఉదాహరణగా తీసుకుంటాం. మట్టికుండకు సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో మడ్డి మిగిలితే కల్లు త్వరగా పుల్లబడుతుంది. బూడిదలోని క్షారం జిడ్డు వదిలిస్తుంది, వేడి సూక్ష్మజీవులను చంపుతుంది. లోపల సున్నం పూస్తే పులియక తియ్యని నీరా దిగుతుంది. పానీయాలు చెడడానికి సూక్ష్మజీవులే కారణమని ఫ్రాన్సులో పాశ్చర్ 1876 నాటి తన బీరు గ్రంథంలో వివరించాడు.

ఇంత శ్రద్ధగా చూసుకున్న కుండపైనే తెల్లదొరల కన్ను పడింది. రంపలో ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్నీ అడ్డుకున్నారు. కల్లు హక్కు గుత్తేదార్లకిచ్చారు. పైగా చిగురుపన్ను. 1879 మార్చిలో రంప తిరగబడింది. ద్వారబంధాల చంద్రయ్య వంటి వీరులు ఆ పోరులో నిలిచారు.

పిల్లలూ, తాగమని మేము చెప్పడం లేదు. ఇప్పుడు కుండ పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. దాని గీతల్లోనూ మడ్డి దాగుతుంది. ముందు తోమాలి, తరువాతే ఏ క్రిమిసంహారకమైనా పనిచేస్తుంది. పురుగుమందు డబ్బాను మాత్రం ఎంత కడిగినా వాడకూడదు. ఊళ్ళో మత్తుపానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకిచ్చింది. ఆ సభలో కూర్చోండి, ఈ మాట మీరే చెప్పండి.