రాకాసి గుళ్ళు ఎక్కడ కట్టారు?

పాలమూరు జిల్లాలో సర్వేయరుగా పనిచేసినవాణ్ణి. రాయి కనబడితే ముందు అది నిలబడిన నేలను చూడటం నాకు అలవాటు. హద్దురాయి ఎక్కడ పాతారో చూస్తే, ఎవరికి చూపడానికి పాతారో తెలుస్తుంది. ఇనుపయుగపు సమాధులనూ అట్లాగే చూశాను. వాటి లోపల దొరికే ఎరుపు నలుపు కుండల గురించీ ఇనుప పనిముట్ల గురించీ పురావస్తు శాఖవాళ్ళు చాలా రాశారు. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. సమాధి అక్కడే ఎందుకు కట్టారు? ఎవరి కంట పడాలని?

తెలంగాణలో ఎక్కువగా కనిపించేవి రాతివలయాలు. గుండ్లను గుండ్రంగా పేర్చి, నడుమ రాళ్ళు కుప్పపోసి, కింద బండలతో పెట్టెలాంటి గది కడతారు. ఊళ్ళలో రాకాసి గుళ్ళంటారు. జొన్న ఎదిగితే పక్క చేనులో నిలబడ్డవాడికి కూడా ఇవి ఆనవు. నేను చూసినంతలో వీటి నేల మొరం, దాపున గుట్ట, కాస్త కిందుగా వాగో, తర్వాతి కాలంలో కట్టిన చెరువో ఉంటుంది. నల్లరేగడిని ముట్టుకోలేదు. నీళ్ళకూ పశువుల మేతకూ రోజూ నడిచే దారి పక్కనే పెద్దలను పెట్టుకున్నారని నా నమ్మకం. దూరపు బాటసారికి చూపాలన్న తపన ఈ వలయాల్లో లేదు.

సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో ఒక సమాధిని తవ్వినప్పుడు దాని కప్పుబండ 40 టన్నులకు పైనే ఉందన్నారు. దాన్ని లేపడానికి క్రేన్ కావాల్సి వచ్చింది. అంతటి బండను నిలువుగా పాతలేదు, సమాధి మీద పరిచారు. క్రేన్ లేని రోజుల్లో దాన్ని లాగాలంటే చుట్టుపక్కల జనమంతా తాళ్ళు పట్టాలి. ఆ లాగుడులో చెయ్యి వేసినవాడి పిల్లలకు ఆ చోటు ఎవరూ చూపించనక్కరలేదు.

నారాయణపేట జిల్లా ముడుమాలలో కథ వేరు. అది కృష్ణ ఒడ్డు, కంటికి అడ్డం లేని మైదానం. అక్కడ 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్ళు దాదాపు 80 ఉన్నాయి, వరుసలు కట్టిన చిన్నరాళ్ళు వేలల్లో. కొన్ని వరుసలు అయనాంతాల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కుకు సరిపోతాయని పరిశోధకులు చూపారు. ఒక రాతి మీద సప్తర్షి మండలం గుంటలుగా తొలిచి ఉంది. ఊరివాళ్ళకు ఈ రాళ్ళు నిలువురాళ్ళ తిమ్మప్ప. అందులో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఇక్కడ దిగంతం కూడా కట్టడంలో భాగమే. ఆ గీత మీద ఒక్క భవనం లేచినా వరుసకు అర్థం పోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు, కర్ణాటక కొప్పళ జిల్లాలోని హిరేబెణకల్. 1835లో నిజాం కొలువులోని ఆంగ్ల అధికారి మెడోస్ టేలర్ దాన్ని లోకం దృష్టికి తెచ్చాడు. రాతిగుట్టల మీద సుమారు 400 కట్టడాలు ఉన్నాయి. కొన్ని మనిషి ఎత్తును మించిన బండల ఇళ్ళు, గోడలో గుండ్రటి కంత. బండలు తీసిన చోట నీళ్ళు నిలిచి చెరువైంది. దగ్గరి గంగావతి చుట్టూ క్యాంపుల్లో స్థిరపడిన మన రైతులు వరిమడి నుంచి తలెత్తితే గుట్టలే కనబడతాయి, సమాధులు కనబడవు. వాటిని చూడాలంటే పైకి ఎక్కాల్సిందే. అక్కడ పెద్ద నగారా ఆకారపు బండ ఒకటి ఉంది, కొడితే మోగుతుంది. కంటికి అందని చోటును చెవికి అందించారేమో అనిపిస్తుంది నాకు.

మొరం నేలలో ఉన్నందువల్లే మన వలయాలు ఇన్నాళ్ళు నాగలికి చిక్కలేదు. ఇప్పుడు ఆ నేలే వాటికి శత్రువైంది. రోడ్డుకు మట్టి కావాలన్నా, ప్లాట్లు వేయాలన్నా జేసీబీ ముందు వచ్చేది మొరం గడ్డకే. నిజాం కాలంలో పరిశోధించిన హైదరాబాద్ మౌలాలి వలయాల చుట్టూ ఇవాళ నగరం ఉంది. నక్షాలో బావికి, గుడికి గుర్తు వేస్తాం. రాతివలయం ఉన్న సర్వే నంబరు మాత్రం పహాణీలో బీడుగానే ఉండిపోతుంది. గుర్తు వేస్తే వలయం ఒక్కదానికే వేసి ఊరుకోకూడదు. వాగు దాకా, బండ తీసిన గుట్ట దాకా గీత లాగాలి.