రాజు అడగాలి, జనం ఒప్పుకోవాలి

మహాలయ అమావాస్య సాయంత్రం. ఓరుగల్లులో ఆడపడుచులు ఎంగిలిపూల బతుకమ్మను ఎత్తుకుని బయల్దేరే వేళకి మీరు ఛత్తీస్‌గఢ్‌లోని జగ్దల్‌పూర్‌లో, కాచిన్ దేవి గుడి ముందు జనంలో ఇరుక్కుని ఉన్నారు. డోళ్ల మోతలో పక్క మనిషి మాట వినపడదు. మునివేళ్ల మీద లేచి చూస్తే ముళ్ల ఊయల, దాని మీద దేవత పూనిన ఒక చిన్నపిల్ల. నేతపని చేసుకుని బతికే మిర్గాన్ల పిల్ల. ఆమె ముందు బస్తర్ రాజవంశీకుడు చేతులు జోడించి నిలబడి, దసరా జరుపుకోవడానికి అనుమతి అడుగుతున్నాడు. ఆషాఢ అమావాస్యకే మొదలైన ఈ 75 రోజుల పండుగ ఇక్కడి నుంచి కదలాలంటే ఆ పిల్ల సరేననాలి.

ఈ వంశం మనకు కొత్తది కాదు. 1323లో ఓరుగల్లు కోట పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవుల్లోకి వచ్చి రాజ్యం నిలిపాడని వాళ్ల వంశ కథనం. కాకతీయుల పేరు మోసుకొచ్చినవాడికైనా ఇక్కడ అడగనిదే సాగలేదు.

విజయదశమి రాత్రికి మళ్లీ రండి. సాల కలపతో చేసిన ఎనిమిది చక్రాల రథాన్ని కిలేపాల్ వైపు నుంచి వచ్చిన మారియా ఆదివాసులు లాగుతున్నారు. తాళ్లు అడ్డతీగ నారతో పేనినవి. ఒక్కొక్కటి చెయ్యంత లావు. రథం గుడి దగ్గర ఆగదు. కళ్ల ముందే దాన్ని ఊరవతల కుమ్హడాకోట్ తోపులోకి ఎత్తుకుపోతారు. మర్నాడు రాజే అక్కడికి వెళ్లి, వాళ్లతో కలిసి కూర్చుని కొత్త బియ్యపు అన్నం తిని, రథాన్ని తిరిగి తెచ్చుకోవాలి. ఆ పంక్తి పక్కన నిలబడ్డవాళ్లెవరికైనా పాలించేవాడి బలం ఎవరి దగ్గర ఉందో చెప్పనక్కర్లేదు.

అయినా ఆచారం ఆచారమే. జవాబు చెప్పించుకునే హక్కు వేరు. దానికి ప్రాణాలు పోయాయి.

1876 మొదటి నెలలు. ఇంగ్లండు యువరాజు హిందూదేశం చూడవచ్చాడు. ఆయన దర్శనానికి భైరమ్‌దేవ్ రాజు బయల్దేరాడు. జగ్దల్‌పూర్ దాటి ఇంకా ఎంతో దూరం పోలేదు, దారికి అడ్డంగా మురియా ఆదివాసులు. విల్లు లేని చెయ్యి కనపడదు. నువ్వు వెళ్తే దివాను గోపీనాథ్ కపర్‌దార్ నుంచి, మున్షీ ఆదిత్ ప్రసాద్ నుంచి మమ్మల్ని కాచేదెవరు? అదీ వాళ్ల గోడు. వెట్టి చేసి నడుములు విరిగినవాళ్లు, వసూళ్లకు ఇల్లు ఖాళీ అయినవాళ్లు. దివాను మనుషులు కాల్పులు జరిపారు. శవాలు పడ్డాయి. రాజు వెనక్కి మళ్లి కోటలో తలుపులు వేసుకున్నాడు. ఝాడా సిర్హా నాయకత్వంలో ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చి కోటను చుట్టుముట్టాయి.

చివరికి సిరొంచ నుంచి డిప్యూటీ కమిషనర్ మెక్‌జార్జ్ వచ్చాడు. సిరొంచ అంటే మన కాళేశ్వరానికి ఏటి అవతలి ఒడ్డు. తుపాకుల వల్ల కాలేదు గనక మాటలకు దిగాల్సి వచ్చిందని నా నమ్మకం. మార్చి 8న రాజును, అధికారులను, ఆదివాసీ పెద్దలను ఎదురెదురుగా కూర్చోబెట్టారు. దివాను, మున్షీ బస్తర్ వదిలి పోవాల్సి వచ్చింది. ఆ కూర్చోవడమే మురియా దర్బారు. ఆ తర్వాత అది దసరాలో భాగమైంది.

విననప్పుడు ఏమవుతుందో 1910 చూపింది. అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని తెల్లదొరలు తలపెట్టినప్పుడు మామిడి కొమ్మ, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి కబురై నడిచాయి. భూమ్‌కాల్ అనే ఆ తిరుగుబాటుకు నాయకుడైన నేతానార్ గుండాధూర్ పేరు అప్పటిదే. భూమ్‌కాల్‌ను సైన్యం అణచింది గాని, రిజర్వు చేయదలచిన అడవిని సుమారు సగానికి తగ్గించక తప్పలేదు.

1948 జనవరి 1న బస్తర్ సంస్థానం మధ్య పరగణాల్లో కలిసింది. అంతకు ముందే, 1946 డిసెంబరులో, రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడాడు. జగ్దల్‌పూర్‌లో ఇన్ని చూశాక ఆ మాట అతిశయోక్తిగా వినిపించదు.

రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు వచ్చింది. ఏ చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించకుండా ఆపే అధికారం గవర్నర్‌కు ఇచ్చింది. 20 మందికి మించని గిరిజన సలహా మండలిని పెట్టి, అందులో సుమారు నాలుగింట మూడు వంతుల మంది శాసనసభలోని షెడ్యూల్డ్ తెగల సభ్యులే ఉండాలంది. 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన పెసా చట్టం ఇంకా కిందికి దిగి గ్రామసభను గుర్తించింది: తన ఆచారాలను, ఉమ్మడి వనరులను, తగవు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి దానికి ఉందని రాసింది. కానీ భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో అడగాలంది తప్ప, వాళ్లు వద్దంటే ఆగాలని అనలేదు. బస్తర్‌లోని బైలాడిల్లా కొండల్లో 1968 నుంచి తవ్వుతున్న ఇనుప ఖనిజం రైలెక్కి విశాఖకు వస్తోంది. అందుకే ఈ లోటు మనకూ సంబంధించినదే.

పెసా అమలుకు ఛత్తీస్‌గఢ్ నియమాలు వచ్చింది 2022లో. చట్టం పుట్టిన 26 ఏళ్లకు.

దసరా ముగియవస్తోంది. మీరిప్పుడు సిర్‌హాసార్ భవనంలో, మురియా దర్బారులో ఉన్నారు. తలపాగాలు చుట్టిన మాంఝీలు, చాల్కీలు అనే ఆదివాసీ పెద్దలు వరసల్లో కూర్చున్నారు. ఎదురుగా రాజవంశీకుడు, ప్రజాప్రతినిధులు, అధికారులు. ముఖ్యమంత్రులు కూడా వచ్చి కూర్చునే చోటు ఇది. ఒక్కో పరగణా పెద్ద లేచి తన ఊళ్ల సంగతి చెబుతాడు. అర్జీలు చేతులు మారతాయి. ఇక్కడ నాకు తోచే కోరిక ఒక్కటే: ప్రతి అర్జీకి సంతకంతో కూడిన రాతపూర్వక జవాబు వచ్చే దసరాలోపు ఆ మాంఝీ ఊరికి చేరాలి. చేరకపోతే, ఎందుకు చేరలేదో అదే దర్బారులో, అందరి ముందు, ఆ అధికారే లేచి చెప్పాలి.