నంబరు కొడితే ఆగిపోయింది

"బాబాయ్, మీ సర్వే నంబరు తీసుకోవట్లేదు."

దస్తావేజు టైపు చేసే కుర్రాడు ఆ మాట అనగానే రైతు కళ్లజోడు సవరించుకుని కంప్యూటర్ దగ్గరికి వంగాడు. అంకెల్లో తప్పేమీ లేదు. పక్కన మాత్రం నిషేధిత భూమి అని ఉంది.

"నిషేధమేంట్రా? ఎవరు పెట్టారు?"

"మేం పెట్టేది కాదు బాబాయ్. పైనుంచి జాబితా వచ్చిద్ది. నంబరు అందులో ఉంటే ఇక్కడ ఆగిపోద్ది."

కూతురి పెళ్లికని ఎకరం బేరం పెట్టి, బయానా కూడా పుచ్చుకున్నాడు. కొనే ఆసామి బయట వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. దివిసీమలో షరతు గల పట్టా రైతులు పడ్డ అవస్థను ఒక రైతు మీదుగా చెబుతున్నాను. పేర్లు లేనిది అందుకే. చట్టం, తేదీలు, లెక్కలు ఉన్నవి ఉన్నట్టే.

రిజిస్ట్రేషన్ చట్టం 1908లో 22-ఎ అనే సెక్షన్ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఇప్పటి రూపానికి వచ్చింది. అసైన్డ్ భూములు, సర్కారు స్థలాలు, గుడి మాన్యాలు, వక్ఫ్ ఆస్తులు, సీలింగ్ మిగులు భూములు చేతులు మారకుండా ఇది అడ్డుపడుతుంది. ఉండాల్సిన చట్టమే. దేవుడి మాన్యం ఎవరో అమ్ముకుపోతుంటే చూస్తూ ఊరుకోలేం కదా. చిక్కంతా జాబితా దగ్గరే. రెవెన్యూ వాళ్లు పంపిన నంబర్లు రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్లలోకి ఎక్కుతాయి. పాత రికార్డులో షరతు గల పట్టా అని రాసి ఉన్న భూములు ఆ లెక్కనే గంపగుత్తగా చేరిపోయాయి. పాతకాలపు కరణమైతే రైతు మొహం చూసి, వీళ్ల తాత నాటి నుంచి దున్నుకుంటున్న చేనే కదా అని ఒక్క క్షణం ఆగేవాడు. సాఫ్ట్‌వేర్‌కి ఆ ఎరుక లేదు. సబ్ డివిజన్ వివరం లేకుండా మొత్తం నంబరు ఎక్కిస్తే, ఏ తగాదా లేని పక్క రైతు చేను కూడా దాంతోపాటు బిగుసుకుపోతుంది.

మర్నాడు రైతు మండలాఫీసుకి వెళ్లాడు. చేతి సంచిలో 1బి, అడంగల్, శిస్తు రసీదులు.

"అయ్యా, శిస్తు మా దగ్గరే కట్టించుకున్నారు. అడంగల్లో పేరు నాదే. మరి నిషేధం ఎట్టా వచ్చింది?"

"పాత కాగితాలు ఏమన్నా ఉన్నాయా?"

"మా నాన్న దాచినయ్యి డెబ్బై ఏడు ఉప్పెనలో పోయినయ్యండీ."

1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద సముద్రం విరుచుకుపడ్డప్పుడు మనుషులే దక్కలేదు, ఇక ట్రంకు పెట్టెల సంగతి ఎవరు చూస్తారు? అలాంటి సీమలో రుజువు తెచ్చే భారం రైతు నెత్తిన వేశారు. నాకు మింగుడుపడనిది ఇదే. భూమిని జాబితాలోకి ఎక్కించేముందు ఆ రైతుకి నోటీసు వెళ్లాలి. ఎవరు, ఏ తేదీన, ఏ రికార్డు చూసి చేర్చారో ఆ నంబరు పక్కనే కనపడాలి. ఒక్కో ఆస్తి 22-ఎలో ఏ క్లాజు కిందికి వస్తుందో జాబితాలో స్పష్టంగా చూపాలని 2015లో హైకోర్టు ఫుల్ బెంచ్ వింజమూరి రాజగోపాలాచారి కేసులో చెప్పింది కూడా. అయినా మండలాఫీసు నుంచి కలెక్టరేటుకి, అక్కణ్ణుంచి విజయవాడలో వకీలు దగ్గరికి బస్సులెక్కింది రైతే.

2022 అక్టోబరు 20న దివిసీమలోని అవనిగడ్డలో ఆనాటి ముఖ్యమంత్రి ఈ షరతు గల పట్టా భూములకు నిషేధం నుంచి విముక్తి ప్రకటించారు. రాష్ట్రమంతటా 22,042 మంది రైతులు, 35,669 ఎకరాలు అని ప్రభుత్వం లెక్క చెప్పింది. అందులో 10,019 మంది ఒక్క అవనిగడ్డ నియోజకవర్గం వాళ్లే. మరుసటి ఏడాది మే నెలలో కావలిలో చుక్కల భూముల వంతు వచ్చింది. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు ఉన్నందుకు ఆ భూములూ ఇదే జాబితాలో చిక్కుకున్నాయి.

మన రైతు కూతురి పెళ్లి అప్పటికే అయిపోయింది. బయానా తిరిగిచ్చేసి, వడ్డీకి తెచ్చి చేశాడు. నిషేధం తీసేశాక ఆ ఎకరమే అమ్మాడు. వచ్చిన డబ్బులో ముందు వడ్డీ తీర్చాడు.