మూడు కార్డ్‌లు.. బాణీలెన్నో!
గిటారు అభ్యాసంలో కుడిచేతిదే కీలకపాత్ర

ఉత్సాహంగా కొన్న గిటారు కొద్ది నెలలకే మూలన పడటం చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమే. వేళ్ల నొప్పి ఒక కారణమైతే, పదుల సంఖ్యలో కార్డ్‌లు నేర్చుకుంటే తప్ప పాట పలకదన్న అపోహ మరో కారణం. వాస్తవానికి మూడు తేలికపాటి కార్డ్‌లతోనే జానపదం, కంట్రీ, వాల్ట్జ్, బ్లూస్, రెగె వంటి బాణీలను పలికించవచ్చు. ఎడమచేయి నొక్కే స్థానాలు దాదాపు అవే. కుడిచేయి మీటే తీరు మారితే బాణీ మారుతుంది.

ఆ మూడు ఇవీ..
ఒకేసారి మోగే మూడు లేదా అంతకుమించిన స్వరాల కూర్పే కార్డ్‌. గిటారులో అన్నింటికన్నా సన్ననిది 1వ తీగ, లావైనది 6వ తీగ.
* జి మేజర్: 6వ తీగపై 3వ ఫ్రెట్‌, 5వ తీగపై 2వ ఫ్రెట్‌, 1వ తీగపై 3వ ఫ్రెట్‌ నొక్కాలి. ఆరు తీగలనూ మీటాలి.
* సి మేజర్: 5వ తీగపై 3, 4వ తీగపై 2, 2వ తీగపై 1వ ఫ్రెట్‌ నొక్కాలి. 6వ తీగను మీటరాదు.
* డి మేజర్: 3వ తీగపై 2, 2వ తీగపై 3, 1వ తీగపై 2వ ఫ్రెట్‌ నొక్కాలి. 4వ తీగ నుంచి కిందికి మాత్రమే మీటాలి.

సప్తస్వరాలూ ఇందులోనే
కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఈ మూడింటి బలం సులువుగా బోధపడుతుంది. జి స్వరాన్ని షడ్జమంగా భావిస్తే జి కార్డ్‌లో స-గ-ప, సి కార్డ్‌లో మ-ద-స, డి కార్డ్‌లో ప-ని-రి ఉంటాయి. అంటే శంకరాభరణంలోని ఏడు స్వరాలూ ఈ మూడు కార్డ్‌లలో ఇమిడి ఉన్నాయి. పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరస్థానాలూ ఇవే. అసంఖ్యాకమైన సరళ గీతాలకు ఈ మూడే సరిపోవడానికి కారణమిదే. అయితే గమక ప్రధానమైన రాగాలాపనకు కార్డ్‌లను యథాతథంగా జోడించడం కుదరదు.

బాణీల వారీగా మీటే విధానం
జానపదం: నాలుగు లెక్కల తాళంలో కింది-కింది-పైకి-పైకి-కింది-పైకి అని మీటాలి. మధ్యలో తీగను తాకని చోట కూడా చేయి ఆగకుండా ఊగుతూనే ఉండాలి.

కంట్రీ: ముందు లావు తీగ ఒక్కటే మీటి, తర్వాత సన్నని తీగలన్నీ కలిపి మీటాలి. జి కార్డ్‌లో 6వ తీగ, మీటు, 4వ తీగ, మీటు అన్న వరుస పాటించాలి. అమెరికాకు చెందిన కార్టర్ ఫ్యామిలీ బృందం 1927లో తొలి రికార్డింగులు చేసింది. అందులోని మేబెల్ కార్టర్ బొటనవేలితో లావు తీగలపై పాట వరుసను, చూపుడువేలితో సన్నని తీగలపై లయను పలికించి ప్రసిద్ధి పొందారు.

వాల్ట్జ్: మూడు లెక్కల నడక. మొదటి లెక్కకు లావు తీగ, మిగతా రెంటికీ సన్నని తీగలు మీటాలి.

బ్లూస్: అమెరికాలోని నల్లజాతీయుల సంగీతం. నాలుగేసి లెక్కల భాగాలు పన్నెండు కలిస్తే ఒక ఆవృతం. జి నాలుగు, సి రెండు, జి రెండు, డి ఒకటి, సి ఒకటి, చివరగా జి రెండు భాగాలు వస్తాయి. ప్రతి లెక్కనూ సమంగా కాక దీర్ఘం-హ్రస్వంగా విడగొట్టాలి. జి కార్డ్‌లో 1వ తీగపై వేలును 3 నుంచి 1వ ఫ్రెట్‌కు మారిస్తే జి7 అవుతుంది. దీనివల్ల కైశికి నిషాదం చేరి బ్లూస్ ఛాయ వస్తుంది.

రెగె: 1960ల చివర్లో జమైకాలో రూపుదిద్దుకుంది. బాబ్ మార్లే (1945-1981) దీనిని ప్రపంచమంతటికీ చేర్చారు. ఒకటి, మూడు లెక్కలను విడిచి రెండు, నాలుగు లెక్కలపై మాత్రమే మీటాలి. మీటిన వెంటనే అరచేతి అంచును తీగలపై ఆనించి నాదాన్ని తుంచాలి. ఇక్కడ నిశ్శబ్దానికీ నాదంతో సమానమైన విలువ ఉంది.

ఈ మూడు కార్డ్‌లు అన్నింటికీ చాలవు. 1950ల చివర్లో బ్రెజిల్‌లో వెలసిన బోసా నోవాకు మరింత క్లిష్టమైన కార్డ్‌లు కావాలి. వాటిని తర్వాతి దశకు వాయిదా వేయడం మేలు.

సాధన ఎలా?
* రోజుకు 15 నిమిషాలైనా క్రమం తప్పక సాధన చేయాలి. వారానికోసారి గంటల తరబడి చేసేకంటే ఇది మేలు.
* తీగను ఫ్రెట్‌ కడ్డీకి దగ్గరగా నొక్కితే తక్కువ బలం సరిపోతుంది. నొప్పీ తగ్గుతుంది.
* తొలుత తీగలను అరచేత్తో కప్పి, నాదం లేకుండా లయ ఒక్కటే సాధన చేయాలి.
* మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 లెక్కల వద్ద ఉంచి, నాలుగు లెక్కలకోసారి కార్డ్‌ మార్చాలి. తడబాటు పోయాకే వేగం పెంచాలి.
* కార్డ్‌ మారేటప్పుడు వేళ్లు ఆలస్యమైనా కుడిచేయి ఆగరాదు. ఒక స్వరం తప్పినా వినేవారు గమనించకపోవచ్చు గానీ, తాళం తప్పితే ఇట్టే తెలిసిపోతుంది.