ఇంపాలా వేట

ఇంపాలా వేట అంటే దక్షిణ, తూర్పు ఆఫ్రికా సవానాల్లో విస్తారంగా కనిపించే ఇంపాలా అనే జింకను లైసెన్సుతో, ఎక్కువగా రైఫిల్‌తో వేటాడటం. సింహం, ఏనుగు వంటి ప్రమాదకర మృగాలను మినహాయించి సాగే ‘ప్లెయిన్స్ గేమ్’ సఫారీల్లో దీనికి ప్రధాన స్థానం ఉంది.

మార్టిన్ లిక్టెన్‌స్టెయిన్ 1812లో శాస్త్రీయంగా వర్ణించిన ఈ జంతువులో మగది 53–76 కిలోలు తూగుతుంది. వంపు తిరిగిన కొమ్ములు మగవాటికే ఉంటాయి. వాటి పొడవు 45–92 సెం.మీ.

వేట సాధారణంగా ఉదయం, సాయంత్రం వేళల్లో గాలికి ఎదురుగా కాలినడకన సాగుతుంది. అసలు కష్టం మంద వల్లే: ఒక్కటి పసిగట్టి బుసకొట్టినా అన్నీ చెదిరిపోతాయి, 3 మీటర్ల ఎత్తు వరకు దూకుతాయి. అందుకే వేటగాడు పొదల చాటున దగ్గరికి చేరి, మూడు కాళ్ల ఊతకర్రపై తుపాకీ ఆనించి, భుజం వెనుక గుండె, ఊపిరితిత్తులున్న చోట గురిపెడతాడు. .243, .270, .308 క్యాలిబర్లు వాడుకలో ఉన్నాయి. దక్షిణార్ధగోళంలో ఏప్రిల్–మే నెలల జతకట్టే కాలంలో మగవాటి గర్జనలు వాటి జాడ తెలుపుతాయి. మాంసం వృథా కాదు. కొంత ఎండబెట్టి బిల్టాంగ్ చేస్తారు.

దక్షిణాఫ్రికాలో 1991 నాటి గేమ్ థెఫ్ట్ చట్టం, తగిన కంచె ఉన్న భూముల్లోని వన్యమృగాలపై యజమానుల హక్కును బలపరిచింది. ప్రైవేటు వేట క్షేత్రాల విస్తరణకు ఇది తోడ్పడింది. విదేశీ వేటగాళ్ల వెంట అక్కడ లైసెన్సు పొందిన వృత్తి వేటగాడు ఉండాలి. కెన్యా 1977లోనే క్రీడావేటను నిషేధించింది. ఇంపాలా సంఖ్య మొత్తంగా సురక్షితమే అయినా, నమీబియా, అంగోలాల్లోని నల్లమొహపు ఉపజాతి ముప్పు జాబితాలో ఉంది.