కోదాడ నుంచి కరాచీ దాకా

1948 సెప్టెంబర్ 13. బెజవాడ వైపు నుంచి హైదరాబాద్ సంస్థానం మీదికి బయల్దేరిన భారత సైన్యం పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరింది. నిజాం సర్కారు అడ్డం పెట్టిన సాయుధ కార్లు ఆపలేకపోయాయి. మధ్యాహ్నానికి మునగాల. పదిహేనో తారీఖున సూర్యాపేట మీద విమానాలు బాంబులు వేశాయి. నిజాం తరఫున పోరాడే రజాకార్లలో మిగిలినవాళ్లు గూర్ఖా దళంతో కాసేపు తలపడ్డారు. నిజాం సిపాయిలు వెనక్కి పోతూ పోతూ మూసీ వంతెన పేల్చేశారు. పేల్చినవాళ్లు దాన్ని ఎవరూ బాగుచేయకుండా అడ్డుకోవడానికి ఒక్క తుపాకీ అయినా ఉంచి పోవాలి కదా? ఉంచలేదు. వంతెన త్వరలోనే మళ్లీ నిలబడింది. 17న నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ రాజీనామా, 18న సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగుబాటు.

కాగితాల మీద ఇది పోలీసు చర్య. ఒకే ఊళ్లో ఒకరి ఇల్లు ఒకరు తగలబెట్టుకున్న రోజులవి కాబట్టి నేను అంతర్యుద్ధమనే అంటాను.

అంతకుముందు ఏడాది వలస నైజాం నుంచి భారత యూనియన్ వైపు సాగింది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి నైజాం సరిహద్దు. ఏటికి అవతల పొందుగుల, యూనియన్ గడ్డ. రజాకార్లకు జడిసి సరిహద్దు పల్లెల జనం సద్దిమూట, సంటిపిల్లలతో ఏరు దాటి గుంటూరు జిల్లా ఊళ్లలో తలదాచుకున్నారు. సెప్టెంబర్ తర్వాత ఇళ్లకు తిరిగొచ్చారు.

ఓడినవాళ్లు దాటింది సముద్రం. తిరిగి రాలేదు.

లాయక్ అలీని బేగంపేటలోని ఇంట్లోనే నిర్బంధించారు. ఒంట్లో బాగాలేదని మంచం పట్టాడు. ఆడవాళ్లు వెళ్లే పర్దాల కారును కాపలావాళ్లు తనిఖీ చేయరు, అది మర్యాద. 1950 మార్చిలో ఒకరోజు ఆ పర్దాల వెనక కూర్చున్నది ఆ మాజీ ప్రధానేనని చెబుతారు. బొంబాయి మీదుగా కరాచీలో తేలేదాకా ఇక్కడ ఎవరికీ పత్తా లేదు. ఢిల్లీ పరువు పోయింది.

రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ లాతూరు వకీలు. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడిగే రోజు వస్తుందని ఉపన్యాసాలు దంచిన మనిషి. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడింది. 1957 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ వెళ్లిపోతానని ఒప్పుకున్నాక విడుదల చేశారు. హైదరాబాద్‌లో ఆఖరుసారి తనవాళ్లను కలిసి విమానం ఎక్కాడు. రజ్వీ నడిపిన మజ్లిస్ పార్టీ పగ్గాలు అబ్దుల్ వాహిద్ ఒవైసీ చేతికి వచ్చాయి. కరాచీలో రజ్వీ మళ్లీ నల్లకోటు తొడుక్కున్నాడు. అక్కడ ఆయన ఉపన్యాసాలకు గిరాకీ లేదు.

నాయకులకు విమానాలు దొరికాయి. మరి పల్లెటూళ్ల దూదేకులవాళ్లు, కసాబులు, జవాన్ల భార్యలు? భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం పోలీసు చర్య నాటి అలజడిలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారు. ఎక్కువమంది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు ముస్లింలు. రజ్వీ మాటలకు మూల్యం చెల్లించింది వాళ్లు. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు.

వెళ్లగలిగినవాళ్లలో చాలామంది కరాచీ చేరారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక పేట ఉంది. ఆవకాయ లాంటి పచ్చళ్లకు ఊరంతటికీ అదే అడ్డా. పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరి, చింతపులుసు పోసి వండే బగారా బైంగన్ వాళ్ల పెళ్లి విందుల్లో ఉండాల్సిందే. సింధీ, పంజాబీ మాటల మధ్య పెద్దవాళ్ల ‘నక్కో’, ‘హౌ’ విని చుట్టుపక్కలవాళ్లు నవ్వుకునేవారు.

డబ్బు కూడా వలసపోయింది. లొంగుబాటైన రెండు రోజులకు, 1948 సెప్టెంబర్ 20న, నిజాం ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ బ్యాంకులోని 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మళ్లించాడు. వారం తిరిగేసరికి వెనక్కివ్వమని నిజామే అడిగాడు. బ్యాంకు కదల్లేదు. కేసు తేలింది 2019 అక్టోబర్ 2న. 3.5 కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము భారత్‌కూ నిజాం మనవళ్లకూ చెందుతుందని లండన్ హైకోర్టు చెప్పింది. అప్పటికి కరాచీలో రజ్వీ పోయి 49 ఏళ్లు, న్యూయార్క్‌లో లాయక్ అలీ పోయి దాదాపు 48 ఏళ్లు.